పేరెత్తి చేసే ప్రార్థన

రోజూ పొద్దున్న ఎసట్లో బియ్యం పోసే ముందు అచ్చియమ్మ ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. ఆ హిందీవాళ్ల ఊళ్లో, ఆదివారం రైల్వే కాలనీలోని తెలుగు చర్చికి పట్టుకెళ్లే బియ్యం అవి. వేస్తూ ఎవరో ఒకరి పేరెత్తి ప్రార్థిస్తుంది. ఆ మనిషి ఎక్కడున్నా సరే, కుడిచెవిలో ఆ ప్రార్థన వినబడుతుంది. కొడుకు రాజేంద్రకి సీపత్ కరెంటు ప్లాంటులో బాయిలర్ హోరులో కూడా వినబడుతుంది. "అమ్మ పిలిచింది" అని పక్కవాళ్లకి చెప్పి, ఓసారి కళ్లు మూసుకుని మళ్లీ పనిలో పడతాడు. కాలనీలో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. కుళాయి నీళ్లొచ్చే వేళ గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు.

అలాంటి మనిషి ఈమధ్య తన మనవరాలు, రాజేంద్ర కూతురు ఝాన్సీ పేరు ఎత్తడం మానేసింది. ఝాన్సీ ఊళ్లోని వ్యాపార్ విహార్ బజారులో ఒకప్పటి గోదాములో పెట్టిన పెద్ద చర్చికి పోతోంది. గోడంత తెర, రంగు లైట్లు, స్టేజీ మీద వదిలే పొగ. ఆ స్టేజీ ఎక్కి పాడుతోంది. అది చాలదన్నట్టు అక్కడ డ్రమ్స్ వాయించే రోహన్ మసీహ్‌ని పెళ్లి చేసుకుంటానంటోంది. అమ్మ ఊఁ అంటేనే పెళ్లి అని రాజేంద్ర తేల్చేశాడు.

"పొగలో దేముడు కనపడతాడేటే?" అంది అచ్చియమ్మ.

"ఒక్కసారి వచ్చి చూడు మామ్మా. నచ్చకపోతే మళ్లీ అడగను," అంది ఝాన్సీ.

మామ్మ గొంతు వినబడక పిల్ల సగమైపోయింది మరి. ఆవిడకీ లోపల బెంగే, మొండితనం ఒప్పుకోనివ్వలేదు గానీ.

సరే, వెళ్లింది. అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయట విడిచింది. అంత జనానికీ అక్కడున్నది ఆ ఒక్క జతే. ఆడవాళ్ల వైపు ఏదని వెతికింది, అలాంటిదేం లేదు. ముసుగేసుకుని కుర్చీల మధ్య నేలమీద కూర్చుంది. దాదీ పడిపోయిందనుకుని టీషర్టుల పిల్లలు పరుగెత్తుకొచ్చి నీళ్లు తాగించారు. డ్రమ్స్ మొదలయ్యాయి. లోకోషెడ్డు పక్కన రైలింజన్ల మోతలో కాపురం చేసిన మనిషి కూడా చెవులు మూసుకుంది.

ఇక లాభం లేదని లేవబోతుంటే, అందరూ గొంతెత్తి ప్రార్థించండన్నాడు పాస్టరు. ఎవరి మాటా ఎవరికీ అందని ఆ హోరులో, ఆవిడ కుడిచెవిలో ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు హిందీలో వినబడింది. "తండ్రీ, అచ్చియమ్మ దాదీ మోకాళ్ల నొప్పి తగ్గించు. నా మీద కోపం ఉంటే ఉండనీ. ఝాన్సీతో మాత్రం మాట్లాడేలా చెయ్యి."

స్టేజీ మీద రోహన్, డ్రమ్ముల వెనక కర్రలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

అచ్చియమ్మ అక్కడే కూలబడింది. కాలనీ అంతటి కోసం ఆవిడ ప్రార్థించేది గానీ, ఆవిడ కోసం చెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ సంగతి ఆవిడే చూసుకుంటుందిలే అనుకున్నారు. తన పేరు చెవిలో పడితే ఎలాగుంటుందో ఇంత వయసొచ్చాక తెలిసింది. పాపం, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

ఆరాధన అయ్యాక రోహన్ బెరుగ్గా వచ్చి, చేతులు జోడించి "జై మసీహ్ కీ, దాదీ" అన్నాడు. అచ్చియమ్మ అతన్ని ఎగాదిగా చూసి, ఝాన్సీ వైపు తిరిగింది.

"ఈడి అమ్మానాన్నల్ని బోయినానికి రమ్మను. పెళ్లి మాత్రం మన చర్చిలోనే. ఆ డప్పులు కావాలంటే తెచ్చుకోమను."