మా నాయన వంతుకొచ్చిన వాక్యం

మక్సూద్ సార్ మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. రోజూ ఐదు వాక్యాలు ఇంగ్లీషులో డైరీ రాస్తే భాష దానంతటదే వస్తుందని నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అన్నారు. నేను నోరు తెరిచి మాట్లాడే పిల్లను కాను. హాజరు పలకడానికే నాకు గొంతు రాదు. డైరీ మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. ఇంట్లో గూట్లోనే పెట్టేదాన్ని. దాచే పని లేదు. మా తండాలో ఇంగ్లీషు చదవగలిగేవాళ్లు ఎవరూ లేరు.

నేను పదో తరగతికి వచ్చేసరికి, అంటే ఎనభై ఏడులో, సార్ ఆదివారాలు మా తండాలో పెద్దవాళ్లకు చదువు మొదలుపెట్టారు. తెలుగు నేర్పుతానంటే మా హేమ్లి పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"తెలుగు ఏం జేస్కుంటం సారూ? ఆఫీసు నుంచి వచ్చే కాయితాలన్నీ ఇంగ్లీషులనే ఉంటయ్. గదే నేర్పుండ్రి" అంది.

ఐదుగురు చేరారు. అందులో మా నాయన హాతీరాం ఒకడు. గొడ్లను తోలుకొస్తూ కూడా దారి దుమ్ములో కర్రతో ఏ, బీ గీసేవాడు. సార్ పుస్తకాలు తెచ్చేవారు కాదు. మందుసీసాల మీది చీటీలు, పాత బస్సు టికెట్లు, విత్తనాల సంచులు తెచ్చి చదివించేవారు. తనకు ఏది దొరికినా అందరికీ పంచేవారు. అది ఆయన మంచితనం. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

డిసెంబరులో నా డైరీ దిద్దుతానని తీసుకెళ్లి వారం ఉంచుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం, బోర్డులు చదివించడానికని పెద్దవాళ్లందరినీ భద్రాచలం తీసుకెళ్లారు. సాయంగా ఉండమని నన్నూ రమ్మన్నారు.

బస్టాండులో హేమ్లి పెద్దమ్మ 'లేడీస్' అన్న బోర్డు కూడబలుక్కుని చదివి, లోపలికి వెళ్లొచ్చి, "ఇన్నేండ్లు ఆడిమనిషి బొమ్మ జూసి పోయేదాన్ని. ఇయ్యాల సదివి పోయిన" అంది.

"సదివి పోతే ఏమన్న ఫరక్ తెలిసిందా వదినా?" అన్నాడు చందూలాల్ చిన్నాయన. అందరూ నవ్వారు. మా నాయన పోస్టు డబ్బా ముందు నిలబడి దానిమీది అక్షరాలు మూడుసార్లు చదివాడు. మూడోసారి నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

తర్వాత గోదావరి మెట్ల మీద అందరినీ వరుసగా కూర్చోబెట్టి, సార్ సంచిలోంచి సైక్లోస్టైల్ కాగితాలు తీశారు.

"ఈ పాఠం ఢిల్లీలనో బొంబాయిలనో రాసింది గాదు. మన దిక్కు పిల్ల రాసింది. చిన్న చిన్న మాటలు. తలొక వాక్యం చదవాలె."

నా చేతికీ ఒకటి వచ్చింది. అవి నా వాక్యాలే. నా పేరు, ఊరి పేరు తీసేశారు, అంతే చాలనుకున్నారేమో. మిగతాదంతా అట్లాగే ఉంది.

ఆగస్టులో ఒకరోజు రాసిన పేజీ అది. ఆ రోజు జోరువానలో మా నాయన నాకోసం కొత్త గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గరికి వచ్చాడు. గొడుగు విప్పకుండా, తాను గోనెసంచి కప్పుకుని, మోకాళ్ల దాకా బురదతో నిలబడ్డాడు. ఆడపిల్లలు చూసి నవ్వారు. నేను గొడుగు లాక్కుని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాను. ఇంటికొచ్చి ఐదు వాక్యాలు రాశాను. ఐదో వాక్యంలో ఒక మాట కోసం బడి డిక్షనరీలో అరగంట వెతికాను.

హేమ్లి పెద్దమ్మ మొదట కూర్చుంది, నాయన చివర. ఐదుగురు, ఐదు వాక్యాలు. ఐదోది నాయనకు వస్తుంది.

"సార్" అన్నాను. ఆ మాట పెదాలు దాటిందో లేదో తెలియదు. అప్పటికే సార్ పెద్దమ్మ కాగితం మీద వేలు పెట్టారు.

నాన్న బడికి వచ్చాడు. వాన పడుతోంది. చేతిలో కొత్త గొడుగు ఉంది. ఒక్కొక్కరు చదువుతుంటే సార్ అర్థం చెప్తున్నారు. నాలుగోది చందూలాల్ చిన్నాయన చదివాడు. గోనెసంచి కప్పుకున్నాడని అర్థం చెప్పగానే అతను పకపకా నవ్వాడు.

"చేతిల ఛత్రి బెట్టుకొని గోనె కప్పుకున్నడా? ఎడ్డోడా ఏంది వీడు?"

"కొత్త ఛత్రి గదరా. పిల్లకని తెచ్చిండు గావొచ్చు" అన్నాడు మా నాయన, తనూ నవ్వుతూ. తర్వాత కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఐ... యామ్... అ... షే... మ్డ్... ఆఫ్ మై ఫాదర్."

ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"శభాష్ హాతీరాం!" అన్నారు సార్.

"అషేమ్డ్ అంటే ఏంది సారూ?"

"సిగ్గు."

"తండ్రంటే సిగ్గా? మంచి పిల్ల" అంది పెద్దమ్మ. "మా పూలి లెక్కనే. ఇది గూడ నాయన ముంగట నోరెత్తదు."

నాయన ముఖం విప్పారింది. "అవ్. ఆడపిల్లకు గా మాత్రం సిగ్గుండాలె."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సార్ తప్పు అర్థం పోనిచ్చే మనిషి కారు.

"గా సిగ్గు గాదు హాతీరాం. దాన్ని షై అంటరు. ఇది వేరే. నామోషీ. నలుగురిల తండ్రిని జూస్తే తలకాయ వంగుతది, గట్ల."

నాయన కాగితం మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి పైకి కాదు. పెదాలు మాత్రం కదిలాయి. నాలుగో వాక్యం దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

"గిది ఎవలు రాసిండ్రు సారూ?"

"పేరు చెప్పొద్దు. చెప్తే ఆ పిల్ల బాధపడ్తది."

"చెప్పకుండ్రి" అన్నాడు నాయన. "చెప్పకుండ్రి సారూ." నా వైపు చూడలేదు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. నాయన డ్రైవరు వెనక నిలబడే వచ్చాడు.

పై ఆదివారం చదువుకు రాలేదు. పిలుచుకు రమ్మని సార్ నన్నే పంపారు. నాయన దొడ్లో పలుపు పేనుతున్నాడు. దారంతా ఏవేవో మాటలు కూర్చుకున్నాను.

"సార్ రమ్మంటున్నడు బా." మేం నాయనను బా అనే పిలుస్తాం.

"నాకు వస్తలేదని చెప్పు, చదువు."

"అందరికన్న నీకే మంచిగ వస్తది" అన్నాను. అది అబద్ధం కాదు.

"అవ్" అన్నాడు, పేనడం ఆపకుండా. "సమజయ్యేదాక వచ్చింది. ఇగ చాలు."

వెళ్లి సార్‌తో రానన్నాడని మాత్రం చెప్పాను. పెద్దవాళ్లు ఇంతే, నడిమధ్యలో విడిచిపెడతారని ఆయన బాధపడ్డారు. ఆ పాఠం ముదిగొండలో పెద్దలకు చదువు చెప్పే స్నేహితుడికి కూడా పంపారట. అక్కడ ఇరవై మంది చదివారట.

"ఇంకో నాలుగు పేజీలు ఇయ్యి పూలీ. నీ పేరు పెట్టను, ఫికర్ జేయకు" అన్నారు.

డైరీలోవి ఇవ్వలేదు. వారమంతా కూర్చుని కొత్త పేజీలు రాశాను. మా ఆవు తెల్లనిది. మా తండాలో రెండు బావులున్నాయి. సార్‌కు అవీ నచ్చాయి. సైక్లోస్టైల్ చేయించి తెచ్చారు. ఆదివారం వాటిని నలుగురు చదివారు.