ఆతిఫ్ దుబాయి పోయిండు

షఫీఖ్‌కు వంట రాదు. బహ్రెయిన్‌లో హమద్ టౌన్ లేబర్ క్యాంపులోని ఆ గదిలో అతనికి తప్ప అందరికీ వంట వంతు ఉంది. జగిత్యాల నుంచి వచ్చిన ఈ డ్రైవరుకు ఆ మినహాయింపు ఊరికే రాలేదు. శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక గదంతా కలిసి పాకిస్తానీ సీరియల్ చూస్తుంది. మిగతావాళ్ళకు సైటు హిందీ వచ్చుగాని ఆ ఉర్దూ అందదు. షఫీఖ్ తెలుగులో చెప్పాలి. చెప్పినన్నాళ్ళూ గరిటె ముట్టనక్కర్లేదు. ఒక్క సంగతి తప్పు చెప్పినట్టు తేలిందా, పొయ్యి దగ్గరికే.

ఓ శుక్రవారం తప్పు జరిగింది. తెల్లవారకముందే ముహర్రక్ విమానాశ్రయానికి బండి తోలి వచ్చిన షఫీఖ్, సీరియల్ మధ్యలో కునుకు తీశాడు. తాపీమేస్త్రీ లింగన్న భుజం పట్టి కుదిపాడు. తెర మీద కథానాయిక కైనాత్ కుమిలి కుమిలి ఏడుస్తోంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. ఆమె భర్త ఆతిఫ్ కనిపించడం లేదు. ఏమైందని లింగన్న అడిగాడు. నిద్రపోయానంటే గరిటె చేతికొస్తుంది.

"ఆతిఫ్ దుబాయి పోయిండు," అన్నాడు షఫీఖ్.

ఎవరికీ అనుమానం రాలేదు. దుబాయి పోతుంటే ఇంట్లో ఏడవరా మరి? ఆ గదిలో ప్రతివాడూ అలాంటి ఏడుపుల మధ్య నుంచే బ్యాగు మోసుకొచ్చాడు. వాళ్ళుండేది బహ్రెయిన్ అయినా, ఇంటివాళ్ళకు అదీ దుబాయే.

మరుసటి వారం షఫీఖ్‌కు అసలు సంగతి తెలిసింది. ఆతిఫ్ లారీ కింద పడి చచ్చిపోయాడు. గోడకు అతని ఫోటో కూడా తగిలించారు. లింగన్న ఫోటోను తేరిపార చూశాడు. దండ లేదు. బొట్టు లేదు. దీపం లేదు. ముస్లింల ఇళ్ళలో చనిపోయినవాళ్ళ ఫోటోకు దండ వెయ్యరని చెప్పగలిగినవాడు ఆ గదిలో ఒక్కడే. ఆ ఒక్కడూ నోరు మెదపలేదు.

"మంచిగున్నడు. దుబాయిల దిగిన ఫోటోనా?" అన్నాడు లింగన్న. షఫీఖ్ తలూపాడు.

అప్పటినుంచి ఆతిఫ్ ఆ గది మనిషైపోయాడు. కంపెనీ మంచిదేనా, ఓవర్‌టైం ఉందా అని ఆరా తీశారు. షఫీఖ్ అతనికి క్రేన్ ఆపరేటర్ ఉద్యోగం ఇచ్చాడు. ఇంటికి ఫోనెందుకు చెయ్యడని పక్క మంచం భూమేష్ అడిగితే, సైటు ఎడారిలో ఉందన్నాడు. కైనాత్ తెల్లబట్టలు వేసుకుందేమిటంటే, ఎండాకాలమన్నాడు.

చివరి భాగం వచ్చింది. ఇంటి నిండా దీపాలు. ఎర్రబట్టల్లో కైనాత్. ఎదురుగా పొరుగింటి డాక్టరు. ఖాజీ మూడుసార్లు అడిగాడు. ఆమె మూడుసార్లూ ఒప్పుకుంది. ఈసారి ఎవరికీ షఫీఖ్ అవసరం పడలేదు.

లింగన్న లేచి నిలబడ్డాడు. "ఆడు ఎండల క్రేన్ నడుపుతుంటే, ఈమె పెండ్లి జేసుకుంటదా?"

ఇంటికి ఫోను చేశాడు. భార్య భీమవ్వ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మంచం కింది బ్యాగు బయటికి లాగాడు. రేపే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గరికి పోయి దాన్ని క్యాన్సిల్ చేసుకుంటానన్నాడు. భూమేష్ కూడా తన బ్యాగు వెతుక్కుంటున్నాడు.

షఫీఖ్ లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే గరిటె. చెప్పకపోతే గది ఖాళీ, అప్పుడూ గరిటే.

"లింగన్నా, ఆగు. ఆతిఫ్ సచ్చిపోయిండు."

"ఎప్పుడు?"

"దుబాయి పోయిన్నాడే."

కునుకు దగ్గర్నుంచి క్రేన్ దాకా అంతా ఒప్పుకున్నాడు. లింగన్న బ్యాగు మీద కూలబడ్డాడు. నెమ్మదిగా మొహం వికసించింది.

"సచ్చిండా? ఇంకేం మరి! ఆ ముక్క ముందే జెప్పొద్దా, షఫీ?"

అంతలో భీమవ్వే ఫోను చేసింది. ఛార్జింగ్ పెట్టి పక్కింటికి పోయిందట. ఆతిఫ్ చచ్చిపోయాడని లింగన్న సంబరంగా చెప్పాడు. ఎవరా ఆతిఫ్ అని ఆమె కంగారుపడింది.

శిక్ష మాత్రం తప్పలేదు. ఆ సాయంత్రం షఫీఖ్ పప్పు వండాడు. అందరూ ఒక్క ముద్ద తిని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మళ్ళీ శుక్రవారానికి షఫీఖ్ తన పాతచోటే తెర ముందున్నాడు. షరతు ఒక్కటే. ఎవరు చచ్చినా దాచకూడదు.

కొత్త సీరియల్ మొదలైంది. విమానాశ్రయం. సూట్‌కేసుతో ఓ కుర్రాడు. తల్లి బోరున ఏడుస్తోంది. షఫీఖ్ చెవులు రిక్కించి విన్నాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

"దుబాయి పోతుండు."

లింగన్న తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాపం, చిన్న వయసు," అన్నాడు. "ఎట్ల సచ్చిండట?"