చెవిటి గోడల గది

"చెరిపెయ్," అన్నాడు భర్త, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా.

ఆమె ఎడమ చేత్తో గిన్నెలు తోముతోంది. కుడి మణికట్టు పొద్దుటి నుంచీ వాచి ఉంది. ఏం చెరపాలో అడగనక్కర్లేదు. ఇంటి వెనక గదిలోని పెద్ద కంప్యూటర్ యంత్రంలో, ఆసుపత్రి వాళ్ళు అద్దెకు తీసుకున్న సర్వర్‌లో, ఆ ఉదయపు వీడియో ఉంది. మధ్యాహ్నం వాళ్ళ తనిఖీ అధికారి వచ్చి వీడియోలన్నీ తిప్పి చూస్తుంది.

గోడలకు చెవులుంటాయంటారు గానీ ఆ గది గోడలు చెవిటివి. యంత్రం ఫ్యాన్ల హోరులో మనిషి అరిచినా వంటింటికి వినపడదు. అందుకే అతని చెయ్యి ఎప్పుడూ అక్కడే లేచేది. మొదటిసారి కేబుల్‌తో కొట్టాడు. ఇంకోసారి యంత్రం ఉండే బీరువా తలుపు సందున ఆమె వేళ్ళు పెట్టి మూశాడు, సాయంత్రం ఆ వేళ్ళతోనే అప్‌డేట్లు పెట్టించాడు. "మా కోడలికేమమ్మా, ఏసీ గదిలో కూర్చుంటుంది. పొయ్యి సెగంతా మాకు," అని అత్తగారు పక్కింటావిడతో నవ్వేది. ఆ పొయ్యి ముందు నిలబడేది కూడా కోడలేనని పక్కింటావిడకు తెలుసు, అయినా ఆవిడా నవ్వేది.

సర్వర్లు అద్దెకిచ్చే ఆ వ్యాపారంలో విజిటింగ్ కార్డు మీద అతని పేరు, పని ఆమెది. లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఒకే యంత్రం, దాని కడుపులో చిన్న చిన్న వర్చువల్ సర్వర్లు. ప్రతి ఒక్కటీ తానే ఒక సొంత ఇల్లనుకుంటుంది. ఒక ఇంటి నిప్పు పక్కింటికి అంటకుండా చూడటం, ఏ తలుపు తెరవాలో ఏది మూయాలో కనిపెట్టి ఉండటం ఆమె పని, పొయ్యి మీది పాలను కాచుకున్నట్టే కాచుకునేది. యంత్రం మొత్తం మీద పెత్తనం చేసే తాళాలు రెండే, అతనిదొకటి, ఆమెదొకటి.

పొద్దుటి గొడవ కూడా ఒక తలుపు గురించే. ఎవరో స్నేహితుడికి రోగుల వివరాలు కావాలట, అతను ఆసుపత్రి సర్వర్‌లోకి దొడ్డిదారి తెరిచిపెట్టాడు. ఆమె చూసి మూసేసింది.

"నా ఇంట్లో నేను తీసిన తలుపు మూయడానికి నువ్వెవత్తివే?" అంటూ జడ పట్టుకుని ఆమె తలను బీరువా అంచుకేసి కొట్టాడు. కిందపడ్డాక కడుపులో తన్నాడు. నేలను ఆనుకున్న మణికట్టును చెప్పుకాలితో తొక్కి నిలబడ్డాడు. ఆమె అరిచింది, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ కోపంలో అతను మరిచిపోయింది ఒక్కటే, ఆసుపత్రి వాళ్ళు షరతు పెట్టి మరీ ఈమధ్యే పైన బిగించుకున్న కెమెరా.

"నా పరువు పోతే నీది మిగులుతుందా?" అన్నాడు ఇప్పుడు. "నువ్వు నేల మీద ఎలా పడున్నావో ఊళ్ళో వాళ్ళంతా చూడాలా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిజానికి అతను చెప్పకముందే ఆమెకు దాన్ని చెరిపెయ్యాలనిపించింది. బట్టలు చెదిరి, నోరు తెరుచుకుని, చేతులు అడ్డం పెట్టుకున్న తనను పరాయివాళ్ళెవరో ఆపి ఆపి చూస్తారని తలుచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోతోంది. ఇన్నేళ్ళూ ఆమె చేసిందల్లా చెరపడమే. దిండు మీది నెత్తురు ఉతికింది. మెడ మీది కమిలిన మచ్చలకు పౌడరు అద్దింది. ఎవరైనా అడిగితే, తలుపు తగిలిందంది. పాపం ఆ ఇంటి తలుపులు ఎంత నింద మోశాయో.

చేతులు తుడుచుకుని వెళ్ళి తెర ముందు కూర్చుంది. అతను వెనక నిలబడి ఆమె జడను పిడికిలికి చుట్టుకున్నాడు. అతనెప్పుడూ తెర చూడడు, పక్కనున్న బీరువా గాజు తలుపులో ఆమె ముఖం చూస్తాడు. ఆ ముఖం ఏమీ చెప్పకుండా ఉండటం ఎన్నడో నేర్చుకుంది.

వీడియో పేరు కనపడింది. చెరిపేసే మాట టైపు చేసింది కూడా. ఇక ఒక్క మీట నొక్కడమే. అక్కడ వేలు ఆగిపోయింది. సర్వర్‌లోకి దొంగ దూరాడని తెలిస్తే కంగారుపడి ఏదీ తుడవకూడదు. ముందు ఉన్నదున్నట్టు నకలు తీయాలి, తర్వాత వాడి దారి కొయ్యాలి. పరాయివాళ్ళ సర్వర్ల కోసం ఎన్నిసార్లో చేసిన పని. తన విషయంలో మాత్రం తుడిచే గుడ్డ పట్టుకునే తిరిగింది ఇన్నాళ్ళూ.

టైపు చేసిన మాటను వెనక్కి కొట్టేసింది. వీడియో నకలును ఆసుపత్రిలోనే ఉండే వాళ్ళ సొంత నిల్వకు పంపింది. జడ బిగుసుకుంది.

"ఎంతసేపే?"

"పెద్ద ఫైలండీ."

తర్వాత యంత్రం తాళాల జాబితా తెరిచి, అతని తాళం ఉన్న వరుసను తీసేసింది. ఇక అందులోకి పోగలిగేది ఆమె ఒక్కతే.

"అయిందా?"

"అయింది."

అతని పిడికిలి కాస్త వదులైంది. "బతికించావు. ఇకమీదట నేను చెప్పేదాకా చూడకు. ఇలాంటివి ఉంటే నువ్వే ఎప్పటికప్పుడు చెరిపెయ్, గిన్నెలు తోముకున్నట్టే," అన్నాడు. ఇంటి పనుల్లో ఇంకోటి చేరింది. "అసలు ఆ తలుపు జోలికి పోకుండా ఉంటే ఇంతదాకా వచ్చేదా?" అంటూ జడను మళ్ళీ గుంజి చెయ్యెత్తాడు.

ఈసారి ఆమె చేతులు అడ్డం పెట్టుకోలేదు. బీరువా అంచు తగిలి వాచిన వైపు బాగా కనపడేలా ముఖాన్ని పైకెత్తి కెమెరా వైపు తిప్పింది.