పది నిమిషాల కాలమ్

ఈ పరీక్ష అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. చిన్న ఇంజనీరు కాంట్రాక్టు కాగితంలో అలాగే రాసి ఉంది: ‘పరీక్ష పూర్తయ్యేవరకు.’ ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది ఆమె ఒక్కతే. పొద్దున బయలుదేరుతుంటే అమ్మ, “పని బాగా చెయ్యవే, వాళ్లే ఉంచుకుంటారు,” అంది.

షెడ్డులో ట్రక్కు సిద్ధంగా ఉంది. వెనక పెట్టె నిండా అల్ట్రా కెపాసిటర్లు. ఇంజను మూడు నిమిషాలు తిరిగి వాటిని కరెంటుతో నింపుతుంది. అవేమో కూడబెట్టిందంతా సెకనులో వెయ్యో వంతులో రాగి కాయిల్‌లోకి కుమ్మరించేస్తాయి. కాయిల్ మధ్యన పెట్టిన కూల్‌డ్రింకు డబ్బా నడుం నలిగిపోతుంది.

తనిఖీ అధికారి కుర్చీలో కూర్చుని ఫారం తెరిచారు. ఆమె బటన్ నొక్కింది. ఠప్!

“ఎప్పుడు మొదలవుతుంది?”

“అయిపోయింది సార్.”

“కళ్లజోడు తుడుచుకుంటున్నానమ్మా. మళ్లీ కానీ.”

మళ్లీ మూడు నిమిషాలు. మళ్లీ ఠప్. ఈసారి ఆయన చూశారు, నలిగిన డబ్బాని చేత్తో తడిమి మురిసిపోయారు. కానీ ఏడో కాలమ్ దగ్గర కలం ఆగింది.

“యంత్రం కనీసం పది నిమిషాలు నడవాలని ఉంది. ఇదెంతసేపు నడిచింది?”

“వెయ్యో వంతు సెకను సార్. ఆ ఫారం నీళ్ల మోటార్ల కోసం చేసింది...”

“ఫారం ఫారమే. తక్కిన సమయం కూడా నడపండి.”

ట్రక్కు డ్రైవర్ పకపకా నవ్వాడు. “కాస్త మెల్లగా పేలమని చెప్పమ్మాయ్!”

“ఊరుకో బాబాయ్,” అని ఆమె ఒక అట్టముక్క మీద బుద్ధిగా లెక్క వేసింది. పది నిమిషాలంటే ఆరు లక్షల సార్లు. సారికి మూడు నిమిషాలు. రోజుకి ఎనిమిది గంటలు, ఆదివారాలూ పండగలూ సెలవు.

“పన్నెండున్నరేళ్లు పడుతుంది సార్,” అంది.

ఫారం మొహాన కొడతారనుకుంది. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, ఏడో కాలమ్‌లో ‘పరీక్ష కొనసాగుతున్నది’ అని రాశారు.

“నా రిటైర్మెంటుకి పదకొండేళ్లుంది. మిగిలింది నా తర్వాతాయన చూసుకుంటాడు. ఈ కుర్చీకి ఒక దిండు తెప్పించమ్మా.”

“ఆరు లక్షల కూల్‌డ్రింకులు తాగేదెవరు సార్?” అని డ్రైవర్ బెంగపడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, కాంట్రాక్టు కాగితంలో మాట.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. “ఉంచుకున్నారా?”

“పన్నెండున్నరేళ్లు ఉండాలమ్మా.”

“అంత బాగా చేశావా!”

అమ్మకి అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. “లేదమ్మా. మరీ తొందరగా చేశాను.”