కళావతి ఎత్తు బెల్లం

పొద్దున్నే సాంబయ్య బెల్లం దుకాణం తలుపులు తీసి, తూకం కాంటాకు దండం పెట్టి, ఈగలను తిట్టేవాడు. దాంతో ఆ బజారుకు తెల్లవారేది. దుకాణం వెనక ఇంట్లో కోడలు కళావతికి మాత్రం తెల్లవారేది కాదు.

బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి ఆమె బరువెక్కుతోంది. తిని కాదు, తిండి సగం కంచంలోనే ఎండిపోయేది. చేతులు పుల్లల్లా అయినాయి. అయినా నులకమంచం తాళ్లు తెగాయి. ఆమె నిలబడ్డ చోట షాబాదు బండ కుంగింది. రిక్షా ఎక్కిస్తే టైరు పేలింది. ఎవరూ వింతపడలేదు. మాటిమాటికి నులక ఎవడు అల్లాలన్నదే ఇంట్లో ఏడుపు.

"ఏం తక్కువైందే నీకు?" అనేది అత్త బక్కమ్మ. "మొగడు కొడ్తాండా? తాగుతాండా?"

లేదు. కళావతి కూడా వెతికింది. తక్కువైందేదీ దొరకలేదు. దొరకలేదన్న సిగ్గుకు ఇంకాస్త బరువెక్కింది. జ్వరమొస్తే ఎందుకొచ్చిందని నిలదీయని జనం, దీనికి మాత్రం సాక్ష్యం అడుగుతారు.

మేడారం జాతర దగ్గరపడింది. మనిషిని తూచి, అంత బెల్లం సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర పెట్టడం ఇక్కడి మొక్కు. ఆ బెల్లాన్నే బంగారం అంటారు. సాంబయ్య కోడలి ఎత్తు బంగారం మొక్కాడు.

"తూగిందా, తల్లులు మెచ్చినట్టు. తూగలేదా, నర్సంపేటకు తోలిచ్చుడే. తల్లిగారోళ్లే సూసుకుంటరు."

నర్సంపేటలో పుట్టింటి పెరట్లో బావి ఉంది. ఈమధ్య కళావతికి అది తరచూ గుర్తొస్తోంది.

దూలానికి పెద్ద కాంటా వేలాడదీశారు. ఒక పళ్లెంలో కళావతి కూర్చుంది. రెండో దాంట్లో ఆమె మొగడు ఎల్లస్వామి బెల్లం ముద్దలు పేర్చాడు. దుకాణంలో సరుకంతా ఎక్కింది. కళావతి పళ్లెం నేలను వదల్లేదు.

"కాంటా పట్టేసినట్టుంది నాయినా," అని ఎల్లస్వామి ఇరుసుకు నూనె పోశాడు. మగవాళ్లకు తూకం తప్పితే ఇనుమును అనుమానిస్తారు. కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగరు. ఇంకా బెల్లం తేవడానికి తండ్రీకొడుకులు గోదాముకు పోయారు.

బక్కమ్మ కోడలి పక్కన నేలమీద చతికిలబడింది. ఈసారి ఏం తక్కువని అడగలేదు. తూకాల ఇంటి ఆడది కదా, తూకం మాటే అడిగింది.

"ఎంత బరువున్నది బిడ్డా?"

కళావతి కాంటా గొలుసు పట్టుకుంది.

"పండుకుంటె నిద్ర రాదు అత్తమ్మా. లేస్తె ఎందుకు లేసిన్నా అనిపిస్తది. పిల్ల ఏడుస్తాంటె వినవడుతది గని, ఎవరి పిల్లనో అన్నట్టుంటది. బతుకబుద్ధి అయితలేదు. నర్సంపేట బావి యాదికొస్తాంది."

పళ్లెం నేల వదిలింది. కిందినుంచి చీమ దూరేంత.

బక్కమ్మ అరవలేదు, ఒట్టు వేయించుకోలేదు. కొంగుతో కోడలి మొహం తుడిచింది. "ఎల్లస్వామి పుట్టినంక నేను రైలు పట్టాలదాంక పోయొచ్చిన. గియ్యాల్టిదాంక ఎవ్వలికి చెప్పలే."

గోదాము నుంచి వచ్చినవాళ్లకు అడ్డం నిలబడింది. "ఈసారి మొక్కు లేదు. కోడల్ని దవాఖానకు తీస్కపోతాన."

"పిచ్చి డాక్టర్ కాడికా? బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"తీస్కచ్చి ఆ పళ్లెంల పెట్టయ్యా నీ ఇజ్జత్. తూగుతదేమో సూద్దాం."

సాంబయ్య కాంటా వంక చూశాడు. తెచ్చిన బెల్లం కింద పెట్టాడు.

దవాఖానలో డాక్టరు చెప్పింది కొద్దిగానే. "ఇది రోగం అమ్మా, గుణం కాదు. గోలీలు పనిచేయడానికి కొన్ని వారాలు పడ్తది. బాగైందని మధ్యల ఆపొద్దు. ఒక్కదాన్నే వదలొద్దు."

మొదట్లో గోలీలు నోరు ఎండబెట్టాయి, అంతే. మధ్యాహ్నం మగవాళ్లు కునుకు తీస్తుంటే బక్కమ్మ కోడల్ని కాంటాలో కూర్చోబెట్టి "చెప్పు" అనేది. కళావతి చెప్పేది. ఏమీ లేని రోజు, ఏమీ లేదనే చెప్పేది. కొన్నాళ్లు పళ్లెం లేచేది. మళ్లీ ఒకనాడు ధబీమని కూలేది. "పడితే పడ్డది, రేపు సూద్దాం" అనేది అత్త. ఎప్పుడని ఎవరూ గమనించలేదు గానీ, నులక తెగడం ఆగింది. ఒక పొద్దున పిల్ల ఏడిస్తే కళావతి లేచి ఎత్తుకుంది. చంకలో అది తన పిల్లలాగే అనిపించింది.

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చేసరికి, కళావతి కూర్చుంటే కాంటా మామూలు మనిషికి తూగినట్టే తూగింది. సాంబయ్య బెల్లం బండికెత్తిస్తున్నాడు.

"ఇగ దిగు, నేనెక్కుత," అంది బక్కమ్మ. "నన్నెన్నడు ఎవ్వలు తూయలే."

ఎండు కట్టెలాంటి మనిషి. ఒక గంపెడు బెల్లం చాలనుకున్నాడు ఎల్లస్వామి. ఆమె కూర్చోగానే గొలుసులు కిర్రుమన్నాయి. పళ్లెం నేలను గుద్దింది. కింద షాబాదు బండ ఈ అంచు నుంచి ఆ అంచుకు పగిలింది.

ఎల్లస్వామి బెల్లానికి పరిగెత్తబోయాడు. కళావతి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చంకలోని పిల్లను అతని చేతికిచ్చి, పగిలిన బండ మీద అత్త పక్కన కూర్చుంది.

"ఎంత బరువున్నది అత్తమ్మా?"