మబ్బుల మీద మూడు చుట్లు

క్యారొలిన్ వాళ్ల నాన్న రాజబాబు నిన్న మధ్యాహ్నం గుండెనొప్పితో పోయాడు. దీవిలోని వాళ్ల ఊరు ప్రోతరాపూర్‌లో వాన ఆగలేదు. కరెంటు పోయి ఫ్రీజర్ బాక్సు పనిచేయడం మానేస్తే, బాబాయి బెన్‌హర్ చేపల జెట్టీకి వెళ్లి ఐసు దిమ్మలు తెచ్చి అన్న చుట్టూ పేర్చాడు. ఈ సాయంత్రం దాటితే శవం పాడవకుండా ఐసు కూడా ఆపలేదు.

అమ్మ కృపావతి చెన్నైలో ఉంది. తన అక్క ఆపరేషనుకు తోడుగా వెళ్లి పది రోజులైంది. ఈ పొద్దున విమానంలో సీటు దొరికింది. ఆమె వచ్చి చూశాకే శవపెట్టె మూయాలని అందరూ అనుకున్నారు.

విమానం ఎక్కడుందో చూసే పని క్యారొలిన్‌ది. పదకొండో తరగతి చదివే ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పదు. ఫోనులో నీలం సముద్రం మీద పసుపు విమానం బొమ్మ చీమలా పాకుతోంది. బాబాయి వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఎందాకా వచ్చింది బేటీ?"

"సగం దాటింది బాబాయ్."

"నువ్వు సైన్సు పిల్లవి గదా. సినిమాల్లో ఇక్కడ మాయమై అక్కడ తేల్తారు. నిజంగా అవదేటి?"

ఎవరూ వినడం లేదని చూసుకుని చెప్పింది. "వెలుగు కణం ఒకటి ఎలా ఉందో, ఆ స్థితిని మాత్రం ఇంకోచోట ఉన్న కణానికి పంపగలిగారు. వస్తువును కాదు. దానికైనా ఒక కబురు మామూలు దారిలో వెళ్లాల్సిందే. వెలుగును దాటి ఏదీ వెళ్లదు."

"మరి మనిషిని?"

"మనిషిలో ఎన్ని అణువులో! అన్నిటి సంగతీ రాసి పంపడం ఎవరి వల్లా కాదు. పైగా ఇక్కడ ఉన్నది చెరిగిపోవాలి. అప్పుడే అక్కడ ఏర్పడుతుంది."

"చెరిగిపోడమా? ఛోడో. మీ అమ్మని నెమ్మదిగానే రానీ. మీ నాన్నయితే దానిక్కూడా కిటికీ పక్క సీటే కావాలనేవోడు." నవ్వబోయి, అన్న ముఖం చూసి ఆగిపోయాడు.

పదిన్నరకు ఇంటి మీదే చప్పుడు వినిపించింది. వరండాలో ఉన్నవాళ్లంతా లేచారు.

"కిరపమ్మొచ్చేసింది!" అంది పక్కింటి సీతాలు.

మబ్బుల్లో ఏమీ కనిపించలేదు. ఫోనులో మాత్రం బొమ్మ దీవి మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. మూడో చుట్టు తిరిగి, ముక్కును పడమటికి, చెన్నై వైపు తిప్పింది.

పదమూడు వందల కిలోమీటర్ల సముద్రాన్ని రెండు గంటల్లో దాటిన అమ్మ, ఇంటి మీది మబ్బును దాటలేకపోయింది.

ఆ సంగతి క్యారొలిన్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. "దిగిందా అమ్మాయ్?" అని పాస్టరుగారు అడిగారు. "లేదండీ" అంది. ఆ మాట ఆమెకే వినపడలేదు. లోపల కుర్చీలు జరిపి అమ్మకు దారి చేస్తున్నారు. బాబాయి ఎయిర్‌పోర్టుకు వెళ్లడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆమె వెళ్లి ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూశాడు. ఒక చెప్పుతోనే మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఒంటిగంటకు చెన్నై నుంచి అమ్మ ఫోను చేసింది. గొంతు పొడిగా ఉంది.

"కిటికీలోంచి చూస్తానే ఉన్నానే. తెల్లగా తప్ప ఏం కనపళ్లేదు. రేపటి ఫ్లైటుకి మార్చారు. రేపు మాత్రం దిగుద్దని ఎవరు చెప్తారు? ఆపకండి. తీసుకెళ్లిపోండి."

"అమ్మా..."

"ఏ చొక్కా తొడిగారు?"

క్యారొలిన్ తల తిప్పి చూసింది. మగవాళ్లు చేతికందిన తెల్లచొక్కా తొడిగేశారు.

"నీలం గళ్లది ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టొచ్చాను. అదే కదా?"

"అదేనమ్మా."

"మంచిది," అని, అప్పుడు ఏడ్చింది అమ్మ.

క్యారొలిన్ బీరువా తెరిచింది. చొక్కాను రెండు చేతుల మీదా పెట్టుకుని, గది నిండా నిలబడ్డ మగవాళ్ల మధ్య నుంచి నడిచింది.

"ఏంటమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"అమ్మ ఇది వెయ్యమంది."

అందరికీ వినిపించింది. బిగుసుకుపోయిన చేతులను బాబాయి కొంచెం పైకెత్తాడు. ఆమె చొక్కాను వాటి కింద, గుండె మీద పరిచి, గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. నాన్న పై గుండీ ఎప్పుడూ పెట్టుకోడని దాన్ని వదిలేసింది. తర్వాత మూత వేశారు.