దుర్యోధనుడి గుంత కాడ కాకి

మా ఊరు ఐరాల పోయే దావలో ఉండాది. బతికుండేవాళ్ళలో చెప్పుకోదగ్గోణ్ణి నేనొగన్నే. మిగిలిన పెద్దోళ్ళంతా రెండు శ్మశానాల్లో పండుకోనుండారు. కంచెకి అవతల క్రైస్తవుల సమాధుల్లో రూతు నర్సమ్మ. సగం ఊరికి బొడ్డు కోసిన చెయ్యి ఆయమ్మది. ఇవతల మా వల్లకాట్లో పహిల్వాన్ ధనంజయ. తిరుపతి బస్సును వెనకనుంచి పట్టుకుంటే డ్రైవరు గేర్లు మార్చి మార్చి ఏడ్చినాడంట. నేను సూడలేదు. నేనే చెప్తావుండా గదా, నమ్మండి.

పోయిన ఎండాకాలం వాళ్ళ పక్కన చేరినోడు దుర్యోధనుడు. అసలు పేరు మునెయ్య. మా ద్రౌపదమ్మ గుడి కాడ ఏటా ఆడే భారతంలో తల నెరిసేదాకా ఆ వేషం ఆయనదే. భీముణ్ణి నేను. ఆఖరి దినం మైదానంలో లారీ పొడుగు మట్టి దుర్యోధనుణ్ణి పండుకోబెడతారు. దాని ఎడమ తొడ నేను గదతో పగలగొట్టల్ల, పక్కన మునెయ్య అరిచి పడిపోవల్ల. పడిన ప్రతిసారీ నాకు మాత్రమే వినబడేట్టు ఒగటే మాట అనేవాడు:

"ఒగనాడు నీ తొడ నాకు కావల్లబ్బా."

నవ్వేవాణ్ణి. అప్పుడాయన బతికుండె గదా.

పూడ్చిన మూడోనాడు పాలు పోసేదానికి పోతిమి. మట్టి ఇంకా పచ్చిగానే ఉండాది. మర్యాదకని గుంత తలకాడ ఆయన అద్దాల కిరీటం పెట్టినాము. ఆకేసి అన్నం, కోడికూర, ఆయనకిష్టమైన వడలు నేనే వడ్డించి, నూనె చెయ్యి పంచకి కుడిపక్క తుడుచుకోని దూరంగా నిలబడినా. కాకి ముట్టల్ల. అది ముట్టేదాకా ఆయన పెండ్లాం నాగులమ్మ పచ్చి నీళ్ళు కూడా తాగదు. ఆయమ్మకి షుగరు.

కానగచెట్టు నిండా కాకులు. ఒగటీ దిగలా. అరవను కూడా అరవలా. ఎండ నడినెత్తికొచ్చె. నాగులమ్మకి చేతులు వణకబట్టె, కండ్లు తేలేసింది.

"అన్నా, ఆయన అడిగింది పెట్టలేదు నువ్వు," అనింది నన్ను సూసి.

"ఏమడిగినాడు?"

"తొడ."

నాకు తప్ప ఎవురికీ వినబడని మాట అది. "తమాషాకి అన్నాడు లేమ్మా!"

"నీకు తమాషా. పండుకో అన్నా, ఆయన గుంతమీద."

"ఏమప్పా భీమా, గద లేకపోతే ధైర్యం రాదా?" అన్యాడు మునెయ్య తమ్ముడు చిన్నబ్బ.

పారిపోదామనుకొన్యా. కానీ ఆయమ్మ పడిపోతే ఆ పాపం ఎవురిది? నా తలకి అడ్డమని చిన్నబ్బ కిరీటం తీసి సంచిలో ఏసినాడు. పండుకొన్యాను. ఆ ఎండలో కూడా పచ్చిమట్టి సల్లదనం వీపులోకి దిగె. కింద ఎవురో ఊపిరి బిగబట్టినట్టుండాది.

"మునెయ్యా, నేను కొట్టింది మట్టిని. నిన్ను కాదు నాయనా," అని గొణిగినా.

రెక్కల చప్పుడు. తొడమీద ఏందో వాలె. కాకి బరువు కాదది, పందెంకోడి బరువు. కండ్లు తెరిచేదానికి భయం. పొడిచింది సూడు! ఏండ్ల తరబడి మునెయ్య అరిచిన అరుపు నా గొంతులోనుంచి వచ్చె. అచ్చం అదే.

కండ్లు తెరిస్తే కాకి ఆకుమీద ఉండాది, ముక్కున వడ. దాని ఎనక కానగచెట్టే కదిలొచ్చినట్టు మిగతా కాకులు దిగినాయి. నాగులమ్మ చెంబెడు మజ్జిగ ఎత్తి తాగింది.

కంచె అవతల సమాధుల కాడ పనిచేస్తా అంతా సూస్తావున్న పాల్ నవ్వినాడు. "అద్దాల తళుకుకి బెదిరినాయన్నా. కిరీటం తీస్తానే దిగినాయి. నీ పంచకి వడ నూనె, పొడిచింది. అంతే."

అంతేలే అనుకోని ఇంటికొచ్చినా. పంచ విప్పి సూసుకున్యా. నూనె మరక కుడిపక్క ఉండాది. గాటు ఎడమ తొడమీద.

ఈ ఏడు గద పట్టమని భారతం పెద్దలు మా ఇంటికొచ్చినారు. గోడమీద కాకి కూర్చోనుండె. నేను ఎడమ తొడమీద దుప్పటి కప్పుకోని, వేరే భీముణ్ణి సూసుకోండని చెప్పినా.